హమలా తోటలో గునుగు పూసిన ఏడు

జూన్ 14, శనివారం

యూసుఫ్ వచ్చాడు. వెంట టేపు పట్టుకున్న మనిషి. బావి దగ్గర మొదలుపెట్టి ఖర్జూరాల వరస దాకా కొలిచారు. స్విమ్మింగ్ పూల్ అట... చుట్టూ గదులట... శుక్ర శనివారాల సెలవులకి అద్దెకిస్తారట. ఈ అరబ్బు దేశంలో, హమలాలో మా చుట్టుపక్కల తోటలు చాలావరకు అలాగే అయ్యాయి. ఇంక మాది.

మాది అంటున్నాను. నేల వాళ్ళ నాన్న హాజీ గారిది. మేం చేసుకుంటున్నాం, అంతే.

సూరిబాబు మోటారు ఆపి నిలబడిపోయాడు. నా తమ్ముడికి కోపం వస్తే మాట రాదు. నేను గోంగూర కోస్తూనే ఉన్నాను.

“నువ్వే చెప్పు సత్యా. ఎండాకాలం నాలుగు నెలలూ ఈ తోట చచ్చి పడుంటుంది. పూల్‌కి ఆ నాలుగు నెలలే గిరాకీ” – యూసుఫ్, హిందీలో, మెల్లగా, నా ముఖం చూడకుండా. వాళ్ళింట్లో పనిచేస్తూ వాడికి మొదటి ముద్ద నుంచి తినిపించిన దాన్ని. మర్యాద నేర్పిందీ నేనే. ఒక్క తప్పు మాట అనలేదు.



జూన్ 15

హాజీ గారి ఫోను. దగ్గు మధ్యలో మాట.

“సుహైల్ చుక్క పొడవనీ. ఆ తర్వాత ఒక నెల చూస్తా. అప్పటికి తోటలో పంట కనబడితే నా కొడుకుతో నేను మాట్లాడతా. లేదంటే... ఖలాస్.”

ఆ చుక్క పొడిచేది ఆగస్టు చివర. అంటే సెప్టెంబరు ఆఖరుకి పంట చూపాలి. చలికాలం పంట అప్పటికి ఇంకా నారులోనే ఉంటుంది.

జూన్ 17

దీపం పెట్టాను. ఏమీ అడగలేదు. కూర్చున్నానంతే.

జూన్ 20, శుక్రవారం

రాజన్న వచ్చాడు, గోంగూరకి. అస్కర్ కార్మికుల క్యాంపులో వాళ్ళ గది వంటకి ప్రతి శుక్రవారం పట్టుకుపోతాడు. జగిత్యాల వైపు మనిషి. కట్టలు సంచిలో వేసుకుంటూ నిట్టూర్చాడు.

“సత్తెక్కా, ఈసారి గూడ బతుకమ్మకు మాకు కాయిదం పూలేనా?”

సూరిబాబు నవ్వాడు. చాలా రోజులకి. “సెప్టెంబరులో ఇక్కడ పూలేంటి రాజన్నా. ఒంటె కూడా నీడ వెతుక్కుంటది.”

“గునుగు వెయ్యి అన్నా. దానికి ఎండంటె లెక్క లేదు. మా దిక్కు రాళ్ళల్ల గూడ మొలుస్తది.”

గునుగు మాట వినగానే మా మరదలు వరం చేతిలో బుట్ట కింద పెట్టేసింది. “గునుగా? అది కలుపండీ బాబూ! మా చిన్నప్పుడు కూలికెళ్ళి పీకింది దాన్నే.”

“మీకు కలుపు. మాకు అమ్మోరు.”

అందరూ నవ్వారు. నేనూ. కాని అతను వెళ్ళాక ఒక మాట చెవిలో ఉండిపోయింది... ఎండంటే లెక్క లేదు.

జూన్ 22

చెప్పాను. గునుగు వేద్దాం. పక్కనే బంతి. సెప్టెంబరు మూడో వారానికి చేతికి రావాలి. పూలు కొనేది రాజన్న వాళ్ళు. చూడాల్సింది యూసుఫ్.

సూరిబాబు అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. “కలుపు పెంచడానికా అక్కా సముద్రం దాటొచ్చింది?”

“పెంచడానికే.”

“ఊళ్ళో తెలిస్తే ముఖం ఎలా చూపిస్తాం?”

వరం – “ఊళ్ళో వాళ్ళు వచ్చి చూస్తారేటండీ? తినండి ముందు.”

తిన్నాడు. ఒప్పుకున్నట్టే.

జూన్ 29

నాన్న గుర్తొచ్చాడు. గోదావరి లంకలో బంతి, చామంతి. నేల ఒకరిది, చాకిరీ మాది. ఓ వరదకి గట్టు కోసుకుపోయింది. తెల్లారేసరికి చామంతి మళ్ళు లేవు, నీళ్ళున్నాయి. నాన్న ఏడవలేదు. గట్టున మిగిలిన నాలుగు మొక్కలు పీకి అమ్మ కొంగులో వేశాడు – “ఎక్కడో ఒక చోట నాటుదాం.”

ఆ ఎక్కడో ఒక చోటు ఇంత దూరం వచ్చింది.

ముందు నేను. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో హాజీ గారి ఇంట్లో పని. తర్వాత సూరిబాబు, మీనా సల్మాన్ రేవులో సామాన్లు మోసే డ్యూటీ. యూసుఫ్ వాళ్ళమ్మ పోయాక హాజీ గారే అన్నారు... నా ఇల్లు చూశావు, ఇంక నా తోట చూడు అని.

మొదటి ఏడు ఊరి లెక్కే. రోహిణి కార్తెలో దున్ని మృగశిరలో విత్తాం, తొలకరి వచ్చేస్తుందన్నట్టు. వారంలో మట్టి వేయించిన ఇసుక. హాజీ గారు కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డారు. “మీ వాన మీ దేశంలో ఉండిపోయింది సత్యా.” ఆయనే నేర్పారు – ఇక్కడ రైతు సుహైల్ పొడిచే దాకా విత్తనం ముట్టడని.

ఇప్పుడు నేనే ముట్టుకుంటున్నాను.

జూలై 3

విత్తనం వచ్చింది. రాజన్న భార్య నిరుటి బతుకమ్మ పూల నుంచి రాల్చి దాచిందట. సెలవు నుంచి వచ్చిన మనిషి జేబులో పెట్టుకొచ్చాడు. నల్లగా, మెరుస్తూ, ఆవాల కన్నా సన్నం. దేవుడి దగ్గర పెట్టాను. వరం తొంగి చూసి – “కలుపుకి కూడా పూజేనా వదినా!”

అలవాటు మాటే. నేనూ నవ్వాను.

జూలై 4

విత్తాం. షేడ్ నెట్టు రెండు పొరలు. బావి నీళ్ళు ఉప్పు. తీపి నీళ్ళలో కలిపి, సాయంత్రాలే తడి.

జూలై 9

మొలక. ఎర్రటి కాడ. చూసి చూసి కళ్ళు మండాయి. ఎండకో, దేనికో.

జూలై 13

బంతి గింజ ఈ వేడికి మొలవదు. అందుకని ట్రేలన్నీ ఏసీ గదిలోకి తెచ్చాం. ఉన్న ఏసీ గది ఒక్కటే. మంచం నిలబెట్టాం, నేలంతా నారు. తమ్ముడూ మరదలూ వంటింట్లో ఫ్యాను కింద పడుకున్నారు. నేను గుమ్మంలో.

“పెళ్ళయిన కొత్తలో కూడా నన్నింత చల్లగా చూడలేదండీ మీరు” – వరం.

“నువ్వు మొలకెత్తుతావా మరి?”

ఇద్దరి నవ్వూ గోడ అవతలి నుంచి. యూసుఫ్ టేపు తెచ్చిన నాటి నుంచి ఇంట్లో లేని నవ్వు.

జూలై 21

బంతి నారు బయటికి మార్చాం. ముందు గుమ్మంలో, తర్వాత వరండాలో, తర్వాత నెట్టు కింద. చంటిపిల్లకి కొత్త నీళ్ళు అలవాటు చేసినట్టు.

గునుగు జానెడు.

జూలై 30

పూజలో ఉన్నాను. బయట సూరిబాబు గొంతు, హుషారుగా – “అక్కా! మళ్ళు అద్దంలా చేశా, వచ్చి చూడు!”

వెళ్ళాను. అద్దమే. రెండు మళ్ళలో ఒక్క గునుగు మొక్క లేదు.

వాడికి ఇంకా తెలియలేదు. నా ముఖం చూశాడు. తన చేతుల్లోకి చూసుకున్నాడు. గునుగు కట్ట ఉంది, వేర్లతో సహా, మట్టి దులిపి మరీ. అలాగే కూలబడిపోయాడు. గడ్డి తీద్దామని కూర్చున్నాడట. బుర్రలో యూసుఫ్ మాటలట. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మా అమ్మ చేతులవి. గునుగుని మొలకలోనే గుర్తుపట్టే చేతులు.

వరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు.

“ఎక్కడ పడేశావు మిగతావి?” అన్నాను.

“తొట్టి పక్కన... నీడలో.”

“తడి ఉందా?”

పరిగెత్తాడు.

అదే రోజు, సాయంత్రం

నీళ్ళ తొట్టి పక్క తడిలో పడేశాడు కాబట్టి వేర్లు ఎండలేదు. బకెట్లలో నానబెట్టి, నీరెండ పడ్డాక ముగ్గురం మళ్ళీ నాటాం. మీద తడి గోనెపట్టాలు కప్పాం. ఒక్కొక్క మొక్కా నాటుతూ సూరిబాబు గొణుగుడు – “తప్పయిపోయిందమ్మా... తప్పయిపోయిందమ్మా...” నాతో కాదు, గునుగుతో.

రాజన్నకి చెప్పక తప్పదు. ఫోన్ చేశాను.  అవతల పకపకా నవ్వు.

“ఏం గాదక్కా! గునుగును పీకితె దానికి పంతమస్తది. ఇంక పెరుగుతది. అన్నకు చెప్పు, ఈసారి మంచిగ మొక్కి పీకుమను.”

ఆగస్టు 2

తలలు వాల్చేశాయి. దీపం ముందు కూర్చుంటే నామం సాగలేదు. లేచి నీళ్ళు పోశాను.

ఆగస్టు 5

కొన్ని పోయాయి. కొన్ని లేచాయి.

ఆగస్టు 6

లేచినవే ఎక్కువ!

ఆగస్టు 15

వేడిగాలి. ఇసుక నోట్లోకి. నెట్టు ఒక మూల చిరిగితే వరం తన పాత చీర కుట్టింది. ఎర్ర చీర నీడలో గునుగు. బాగుంది చూడ్డానికి. చెప్పాను. “పెళ్ళి చీరండీ వదినా” అంది. కుట్టేశాక చెప్పింది.

ఆగస్టు 19

హాజీ గారు వచ్చారు. కారు దిగగానే పడమటి గోడ దగ్గరకే. అక్కడ సనా మొక్కలున్నాయి. ఆకు ఎండబెట్టి కషాయం తాగుతారు. ముసలితనంలో కడుపు మాట వినదని ఆయనే చెబుతారు, సిగ్గు లేదు.

ఆకు కోసి ఇస్తున్నాను. ఇన్నేళ్ళుగా కోస్తున్నదే. ఇవాళ పువ్వు చూశాను.

పసుపు. అయిదు రేకులు. తంగేడులా...

మన సునాముఖి కదూ ఇది. నేలతంగేడు అనేది అమ్మ. ఇన్నేళ్ళూ ఆకే చూశాను, పువ్వు చూడలేదు.

ఫొటో తీసి రాజన్నకి పంపాను. అతని గొంతు వచ్చింది – “అక్కా... తంగేడు లేదని మనసుల కుట్టుకుంటనే ఉన్న. చెప్తలేను, నీకు బాధైతదని. గిదేంది! తంగేడు గాదు గని, తంగేడు చెల్లె!”

హాజీ గారిని అడిగాను, పూలు కోసుకోవచ్చా అని. “పూలతో నాకేం పని, ఆకు వదిలితే చాలు” అన్నారు. ఎందుకని అడిగారు. చెప్పాను. ఆడవాళ్ళు పూలు పేర్చి చుట్టూ ఆడతారని, తర్వాత నీళ్ళలో వదులుతారని. “నీళ్ళు ఎక్కడివి?” అన్నారు. ఇంకా తెలియదన్నాను. మోటారు నీళ్ళు నిలవుండే పెద్ద తొట్టి వైపు చూశారు. 

ఆగస్టు 26

తెల్లవారుజామున కారు చప్పుడు. హాజీ గారే. నమాజు చేసుకుని నేరుగా వచ్చారట. దక్షిణాన చాలా కిందికి ఒకటే చుక్క. ఆయన వేలు చూపించారు. నేను చేతులు జోడించాను. ఆయనకి సుహైల్, నాకు అగస్త్యుడు. మా తాత అర్ఘ్యం ఇచ్చేవాడు ఈ చుక్కకి. చెంబుతో నీళ్ళు వదిలాను, గునుగు మొదట్లోనే.

“రాత్రులు ఇంక చల్లబడతాయి” అన్నారు.

వెళుతూ గునుగు దగ్గర ఆగారు. నడుం ఎత్తు ఉంది. కర్రతో ఒక కొమ్మ తట్టి చూశారు. “ఇది ఎండలోనే పెరిగిందా?”

“ఎండలోనే.”

సెప్టెంబరు 6

మొగ్గ! గునుగు కొసన తెల్లగా, కొంచెం గులాబి రంగు అంటించినట్టు. సూరిబాబు నన్ను కేకేయలేదు. లోపలికొచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

సెప్టెంబరు 11

యూసుఫ్. ఈసారి తవ్వే మిషను వాడితో. అక్టోబరు మొదటి వారం అన్నాడు. మళ్ళ వైపు ఒకసారి చూశాడు. అప్పటికి విచ్చింది తక్కువ. దూరం నుంచి గడ్డిలాగే ఉంది.

సూరిబాబు ఈసారి మాట్లాడాడు, వచ్చీరాని హిందీలో. “ఇరవయ్యారో తారీకు రా భాయ్. ఆ ఒక్క రోజు చూడు. తర్వాత నీ ఇష్టం.”

“నా ఇష్టం అనేగా చెబుతున్నది” అన్నాడు యూసుఫ్. వస్తాననలేదు.

సెప్టెంబరు 17

బంతి విచ్చింది. ముద్ద బంతి కాదు, రెక్క బంతి. వేడికి చిన్నది. అయినా రంగు... కుంకుమలో పసుపు కలిసినట్టు.

సెప్టెంబరు 21, ఆదివారం

అమావాస్య. వాళ్ళకి మొదటి రోజు బతుకమ్మ. రాజన్న డ్యూటీ దిగి ఒక్కడే వచ్చాడు. గునుగు మళ్ళ గట్టున చెప్పులు విడిచాడు. మడిలోకి దిగి, కొమ్మని చెంపకి ఆనించుకున్నాడు. పెద్ద మనిషి, మీసాల మనిషి.

“పన్నెండేండ్లయె అక్కా, పచ్చి గునుగు ముట్టక.”

మేం అటు తిరిగాం.

సెప్టెంబరు 25

రేపటికి కోత. అస్కర్ నుంచి పదిమంది దాకా వచ్చారు. ఓవర్‌టైం వదులుకుని. గునుగు కోసి కట్టలు కట్టడం వాళ్ళకి వచ్చినట్టు మాకు రాదు. ఒకడు సూరిబాబుని చూసి – “ఈ అన్నేనా పీకింది?”

“ఆయనే. కత్తెర ఆయన చేతికియ్యకుండ్రి!” – రాజన్న.

సూరిబాబు వంగి దండం పెట్టాడు, నాటకంలో లాగ. నవ్వులే నవ్వులు. వరం అందరికీ పులిహోర కలిపింది. నేలతంగేడు నేనే కోశాను. స్నానం చేసి, నామం చెప్పుకుంటూ. ఆకు ముట్టలేదు, మాట ప్రకారం.

సెప్టెంబరు 26, శుక్రవారం

రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో...

మనామాలో హాలు. పేర్చింది మగవాళ్ళే. క్యాంపులో ఆడవాళ్ళెవరు? అల్యూమినియం పళ్ళెంలో గుమ్మడాకు పరిచి, గునుగు కొసలు రంగుల్లో ముంచి, వరసకి వరస. ఆ చేతులు సిమెంటు మోసేవి, ఇనుము వంచేవి. ఎంత నెమ్మది! పైకొచ్చేసరికి రాజన్న గుండె దాకా వచ్చింది. నడినెత్తిన గౌరమ్మ. ఆమె చుట్టూ మా గోడ పక్క పువ్వు.

కుటుంబాలతో ఉన్న ఆడవాళ్ళు పట్టుచీరల్లో వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఒకావిడ దగ్గరకొచ్చి గునుగు ముట్టుకుంది, ప్లాస్టిక్ ఏమోనని. ఆమె వేళ్ళకి రంగు అంటింది.

“నిజందేనా! ఎక్కడి నుంచి దెప్పిచ్చిన్రు? విమానంలనా?”

“హమలా నుంచి” – రాజన్న. “ఆంధ్రోళ్ళు పండిచ్చిన్రు.”

“ఆంధ్రోళ్ళా! గునుగా!”

“ఒకపాలి పీకిన్రు గూడ.”

వరాన్ని చెయ్యి పట్టుకుని లాగారు. అడుగు రాదంది. అయినా లాగారు. రెండు చుట్లు తప్పింది, మూడో చుట్టుకి కలిసిపోయింది. చప్పట్లు ఒకటే చప్పట్లు. నేను గోడ పక్క కుర్చీలో. సూరిబాబు నా పక్కన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

“అక్కా, మనం కలుపు తీసుకు బతికినవాళ్ళం.”

“ఊఁ.”

“ఇవాళ దాని చుట్టూ ఇంతమంది...”

“ఊఁ.”



తర్వాత నీళ్ళు. మధ్యాహ్నమే హాజీ గారు ఫోన్ చేసి చెప్పారు. “నా తొట్టి ఉండగా సముద్రం దాకా ఎందుకు? పూలు పడితే నీళ్ళకి దోషమా?” రెండు వ్యాన్లు తోటకి. పొద్దు వాలుతోంది. బతుకమ్మని ఆరుగురు దింపారు. మెల్లగా వదిలారు. తేలింది, తిరిగింది, వరస వరస విడిపోయి తొట్టంతా పరుచుకుంది... తెలుపు, నారింజ, పసుపు. హాజీ గారు కుర్చీ వేయించుకుని చూశారు. ఆయన నోట కూడా ఏదో మెల్లగా కదిలింది. ఆయన దేవుడి పేరే అయివుంటుంది.

యూసుఫ్ వచ్చాడు. పిల్లల్ని తీసుకుని. గేటు దగ్గరే నిలబడ్డాడు చాలాసేపు. వాడి చిన్నకూతురు తొట్టి గట్టు ఎక్కబోతే నేనే పట్టుకున్నాను. దాని పిడికిట్లో గునుగు పెట్టాను.

“ఇవన్నీ మన తోటవా?” అన్నాడు.

మన – అని వాడే అన్నాడు.

“ఎండాకాలంలోవా?”

“ఎండాకాలంలోవే.”

కోసిన మళ్ళ దాకా నడిచాడు. కోయకుండా మిగిల్చిన వరస ముందు గొంతుక్కూర్చున్నాడు. చేత్తో మట్టి తిరగేసి చూశాడు. మిషను సంగతి ఎత్తలేదు. వెళుతూ పిల్ల పిడికిలి విప్పబోయాడు. అది విప్పనివ్వలేదు.

సెప్టెంబరు 27

పొద్దున్నే దీపం. ఇవాళా ఏమీ అడగలేదు. అడగాల్సింది గుర్తు రానంత నిండుగా ఉంది.

సెప్టెంబరు 30

ఇవాళ సద్దుల బతుకమ్మ. రాజన్న వాళ్ళు క్యాంపులోనే చిన్నది పేర్చారట, మిగిలిన పూలతో. ఫొటో పంపాడు. వెనక కార్మికుల బూట్ల వరస. ముందు బతుకమ్మ. కింద రాశాడు – పై ఏటికి ఇంకొక మడి పెంచక్కా.

పై ఏడు...

వెంటనే చూపించలేదు సూరిబాబుకి. తర్వాత చూపించాను. వాడు అప్పుడే లేచి నెట్టు సర్దడం మొదలుపెట్టాడు.

అక్టోబరు 4

హాజీ గారి ఫోను. కొడుకుతో మాట్లాడారట. “ఏమన్నాడు?” అంటే – “విన్నాడు. వినడం కూడా ఇదే మొదలు.” దగ్గు. “ఇన్‌షాల్లా సత్యా.”

అక్టోబరు 7

మిషను వస్తుందన్న వారం. రాలేదు. రాదని ఎవరూ చెప్పలేదు.

సూరిబాబు గేటు వైపు చెవి పెట్టుకుని పనిచేస్తున్నాడు. వరం చేసిన దోసెలు ముట్టలేదు. “అక్కా, చామంతి నారు ఈ వారం వేళ్ళూనకపోతే చలికాలమంతా పోతుంది. నాటేసి, రేపు వాళ్ళు తవ్వితే...” అని సగంలో వదిలేశాడు.

తట్ట తీసుకున్నాను. ముందు నేను దిగాను మడిలోకి. తర్వాత వరం. తర్వాత వాడు.

మధ్యలో ఫోన్ మోగింది. గట్టు మీద వెల్లకిలా ఉంది. యూసుఫ్ పేరు వెలుగుతోంది. వాళ్ళిద్దరూ నా వైపే చూశారు. నా చేతులు మోచేతుల దాకా మట్టి. మోగి మోగి ఆగింది.

“తిరిగి చెయ్యవా వదినా?”

చేస్తాను. ఇంకా రెండు వరసలున్నాయి.